5.4 డేటా సమకాలీకరణ: క్లౌడ్ పద్ధతా, పీర్ టు పీర్ పద్ధతా?

ఒకే డేటా అనేక పరికరాల్లో ఉన్నప్పుడు, ఒకచోట చేసిన మార్పు మిగిలిన చోట్లకూ చేరేలా చూడటాన్ని సమకాలీకరణ అంటారు. వాడుకలో దీన్నే సింక్ అంటున్నాం.

పలమనేరు దగ్గర, కౌండిన్య అడవి అంచున ఉన్న ఒక పల్లెలో పాల సేకరణ కేంద్రం ఉందనుకోండి. ఒకరు పాలు కొలిచి లీటర్లను ఒక ఫోన్‌లో, మరొకరు వెన్న శాతం చూసి రెండో ఫోన్‌లో నమోదు చేస్తారు. సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. రైతుకు వచ్చే డబ్బు ఈ రెండు అంకెల మీదే ఆధారపడుతుంది. ఈ కేంద్రానికి అప్లికేషన్ రాసే పని మీకు అప్పగించారు.

క్లౌడ్ పద్ధతిలో ప్రతి ఫోనూ తన నమోదులను ఒక సర్వర్‌కు పంపుతుంది. సర్వర్‌లోని ప్రతే ప్రమాణం. ఫోన్ పగిలినా, అప్పటికే పంపిన లెక్క పోదు. అయితే సిగ్నల్ పోతే పాలు పోసేవాళ్ల వరుస ఆగిపోతుందా? సర్వర్ జవాబు వచ్చాకే నమోదు చేసేలా రాస్తే ఆగిపోతుంది. ఇది క్లౌడ్ లోపం కాదు, రాసినవారి లోపం. ముందు ఫోన్‌లోనే భద్రపరచి, సిగ్నల్ వచ్చాక పంపితే సరిపోతుంది.

పీర్ టు పీర్ పద్ధతిలో ఫోన్లు నేరుగా మాట్లాడుకుంటాయి. ఒకటి హాట్‌స్పాట్ ఆన్ చేస్తే రెండోది దానికి కలుస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. చిక్కు వేరేచోట ఉంది. రెండు పరికరాలూ ఒకే సమయంలో పనిచేస్తూ ఉండాలి. పల్లెలో ఉదయం ఆరింటికి తెరిచిన ఫోన్, పట్టణ కార్యాలయంలో పదింటికి తెరిచే కంప్యూటర్ ఎప్పుడు కలుస్తాయి? పైగా మొబైల్ నెట్‌వర్క్‌లో ఫోన్‌కు సాధారణంగా బయటివారు నేరుగా చేరగల చిరునామా ఉండదు. వాటిని కలపడానికి మళ్లీ ఒక మధ్యవర్తి సర్వర్ కావాలి.

అసలు పరీక్ష ఘర్షణ వచ్చినప్పుడు. ఒక రైతు పాలు 6.5 లీటర్లు కాగా 5.6 అని నమోదైంది. ఆ నమోదు రెండు ఫోన్లకూ చేరింది. రెండో ఫోన్‌లో 6:05కి వెన్న శాతం చేర్చి నమోదు మొత్తాన్నీ సేవ్ చేశారు. ఆ ఫోన్ గడియారం పది నిమిషాలు ముందుంది కనుక 6:15 అని పడింది. మొదటి ఫోన్‌లో 6:10కి 6.5గా దిద్దారు. చివరగా రాసిందే చెల్లుతుందని నియమం పెడితే 5.6 తిరిగొస్తుంది. దిద్దుబాటు చప్పుడు లేకుండా మాయమవుతుంది, రైతు 0.9 లీటరు నష్టపోతాడు. రెండు పద్ధతుల్లోనూ ఈ ప్రమాదం ఉంది. పరికరాల గడియారాలను నమ్మకుండా సంఘటనల క్రమాన్ని ఎలా నిర్ణయించాలో లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చర్చించాడు.

దీనికి మందు మన పాత చిట్టాల్లోనే ఉంది. గుమాస్తా అంకెను చెరపడు, సవరణను వేరే పద్దుగా రాస్తాడు. మీరూ అలాగే చేయండి. ప్రతి పద్దుకూ ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇస్తే, అది రెండుసార్లు వచ్చినా ఒక్కసారే లెక్కకు వస్తుంది. ఏ వరుసలో చేరినా మొత్తం మారదు. ఇలాంటి నిర్మాణాలనే 2011లో మార్క్ షపీరో బృందం సీఆర్‌డీటీ అనే పేరుతో నిర్వచించింది.

ఇక బిల్లు ముగించే రోజు. పద్దులన్నీ వచ్చాయా అని ఎవరో ఒకరు తేల్చాలి. సమాన హోదా గల పరికరాల్లో ఆ అధికారం ఎవరికీ ఉండదు. అందువల్ల ఈ కేంద్రంలో రెండు ఫోన్ల మధ్య పీర్ టు పీర్, కార్యాలయానికి క్లౌడ్ ఉంచడం మేలు. ప్రతి ఫోనూ తన పద్దులకు వరుస సంఖ్యలు వేసి, చివరి సంఖ్యను సర్వర్‌కు చెప్పాలి. 41 తరువాత 43 వస్తే 42 ఎక్కడో చిక్కుకుందని తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: బిల్లు ముగిసిన మరునాడు 42వ పద్దు వచ్చింది. పాత బిల్లును తెరుస్తారా, తదుపరి బిల్లులో సవరణగా చేరుస్తారా? కారణాలు రాయండి.