తుంటి బంతి కుంగకముందే

ప్యాపిలి నుంచి ముప్పై అయిదేళ్ల లారీ డ్రైవరొకడు గజ్జల్లో నొప్పితో కర్నూలు బయల్దేరాడనుకుందాం. బాసింపట్టు వేసుకుని అన్నానికి కూర్చుంటే అతని మోకాలు కిందికి వాలదు. ప్యాంటులో కాలు దూర్చాలంటే గోడ పట్టుకోవాలి. నొప్పి మోకాలి దాకా దిగుతుంది కాబట్టి మోకాలికే ఎక్స్‌రే తీస్తారు, లేదంటే నడుం నరమంటారు. అలా నెలలు గడుస్తాయి. ఈ జబ్బులో ఆ నెలలే అన్నిటికన్నా విలువైనవి.

డాక్టర్లు దీన్ని ఏవీఎన్ (అవాస్క్యులర్ నెక్రోసిస్) అంటారు. తొడ ఎముక పైకొస బంతిలా ఉండి కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఆ బంతికి నెత్తురు ముఖ్యంగా ఎముక మెడ వెంబడి పాకే సన్నని నాళాల నుంచి అందుతుంది. మెడ విరిగితే అవి తెగిపోవచ్చు. ఏళ్ల తరబడి అతిగా తాగినా, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడినా, సికిల్ సెల్ జబ్బున్నా నెత్తురు అందక ఎముక కణాలు చనిపోవచ్చు. కోవిడ్‌కు స్టెరాయిడ్లు వాడాక ఈ జబ్బు వచ్చిన ముగ్గురి కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. అలాగని స్టెరాయిడ్‌ను తప్పుపట్టలేం. అది ప్రాణం నిలిపే మందు, భయపడి ఉన్నట్టుండి మానేయడమూ ప్రమాదమే. నా కోపమంతా ఒళ్లునొప్పులకని చీటీ లేకుండా కట్టిచ్చే స్టెరాయిడ్ మాత్రల పొట్లాల మీద.

చచ్చిన ఎముక వెంటనే కూలదు. పాత మిద్దెకు దూలం మార్చాలంటే ముందు పోటు పెట్టి, ఆ తర్వాతే పుచ్చిన దూలం తీస్తాం. ఒళ్లు ఆ పోటు పెట్టుకోలేదు. చచ్చిన ఎముకను తినేసే కణాలు ముందు దిగుతాయి, కొత్తది కట్టే కణాలు వెనకబడతాయి. ఈ సందులో మనిషి బరువంతా పడి, మృదులాస్థి కింద ఎముక చిట్లి, బంతి చదునవుతుంది. అంతవరకూ ఎక్స్‌రే మామూలుగానే కనబడవచ్చు. ఎమ్మారై మాత్రం ముందే పట్టేస్తుంది.

బంతి గుండ్రంగా ఉండగా దొరికితే తొడ పక్క నుంచి డ్రిల్లుతో బంతి దాకా రంధ్రం చేస్తారు. లోపలి ఒత్తిడి తగ్గుతుంది, కొత్త నాళాలకు దారి దొరుకుతుంది. తర్వాత కొన్ని వారాలు చంకకర్రలే ఆధారం.

ఆ రంధ్రంలోకే కణాలను పంపడం తర్వాతి మెట్టు. పారిస్ సర్జన్ ఫిలిప్ హెర్నిగూ ఈ దారి చూపినవారిలో ముఖ్యుడు. నడుం పక్కన చేతికి తగిలే ఎముక అంచులో సూది గుచ్చి మూలుగ లాగుతారు, యంత్రంలో గిరగిరా తిప్పి కణాలను చిక్కబరుస్తారు, అదే ఆపరేషన్‌లో బంతిలోకి ఎక్కిస్తారు. మూలుగ కణాలను ల్యాబులో వారాల పాటు పెంచి, ఎముక కట్టే కణాలుగా మార్చి ఎక్కించే పద్ధతి కూడా మన దేశంలో ఉంది.

ఫలితాల సంగతికొస్తే, బెల్జియం పరిశోధకుల నిజాయితీ నాకు నచ్చింది. తొలిదశలో ఉన్న 24 తుంటులను వాళ్లు అయిదేళ్లు గమనించారు. రంధ్రం మాత్రమే చేసిన 11లో ఎనిమిది చిట్లే దశకు చేరాయి. మూలుగ కణాలు కూడా ఎక్కించిన 13లో మూడే చేరాయి. అదే పరిశోధకులు చిట్లిన తుంటుల మీద మళ్లీ పరీక్షించి, కణాల వల్ల లాభం లేదని 2018లో ప్రకటించారు. కుంగిన బంతికి కూడా స్టెమ్ సెల్స్‌తో నయమని లక్షలు అడిగేవాళ్ల ముందు ఈ రెండో ఫలితం పెట్టాలి.

బంతి కుంగి నొప్పి భరించలేనిదైతే తుంటి మార్పిడి ఉంది. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ నిలబెట్టిన ఈ ఆపరేషన్ మనిషిని మళ్లీ నడిపిస్తుంది. కానీ కృత్రిమ కీలు అరుగుతుంది, ముప్పై అయిదేళ్లవాడికి రెండోసారి మార్చాల్సి రావచ్చు. నేల మీద కూర్చోవద్దని, గొంతుక్కూర్చోవద్దని చాలామంది సర్జన్లు చెబుతారు. బుడ్డల చేలో కలుపు తీసే మనిషికి అది బతుకుతెరువు మీద దెబ్బ.

స్టెరాయిడ్ల వల్లో మద్యం వల్లో వచ్చినప్పుడు జబ్బు తరచు రెండు పక్కలా ఉంటుంది. నొప్పి పుట్టిన తుంటి ఆలస్యమైపోయినా, ఇంకా నొప్పి తెలియని రెండోది గుండ్రంగానే ఉండవచ్చు. కర్నూలులో ఎమ్మారై తీయించేటప్పుడు మన డ్రైవరు అడగాల్సిన మాట ఒకటుంది: "సార్, రెండో పక్క కూడా చూడండి."