బొంబాయి ఎంతవరకు భద్రం?

పీర్ల పండుగకో, దసరాకో ఊరికి వచ్చినవాళ్ళు మళ్ళీ మూట కట్టుకునే రోజున పాలమూరు పల్లెల్లో ఏ గడప దగ్గర నిలబడినా వినిపించే మాట ఒక్కటే. "పైలం బిడ్డా" అంటుంది తల్లి. "పైలంగనే ఉంట" అంటాడు కొడుకు. నారాయణపేట, కోస్గి, మద్దూరు, కొడంగల్ వైపు నుంచి బస్సుల్లో పోయేవాళ్ళు కొందరు, తాండూరులో రైలెక్కేవాళ్ళు కొందరు. ఈ దారి మనవాళ్ళకు తరతరాలుగా తెలిసినదే. 1995లో నగరం పేరు ముంబయిగా మారినా మన ఊళ్ళలో అది ఇప్పటికీ బొంబాయే.

ఇంతకీ ఆ తల్లి ఏది తలుచుకుని పైలమంటోంది? సినిమాల్లో చూసిన గూండాలు, రైల్లో జేబుదొంగలు, పేపర్లో చదివిన బాంబులు ఆమె కళ్ళ ముందు మెదులుతాయి. ఆ భయం ఉత్తది కాదు. కాని బొంబాయిలో కష్టజీవి ప్రాణం ఎక్కువగా పోయేది కత్తితోనూ కాదు, తుపాకితోనూ కాదు. ఆ సంగతి తెలిసి పోయేవాడే నిజంగా పైలంగా ఉండగలడు.

మనవాళ్ళు కట్టిన నగరం

బొంబాయికీ తెలుగువాళ్ళకూ ఉన్న సంబంధం నిన్నటిది కాదు. ఇళ్ళు, రోడ్లు, వంతెనలు కట్టడానికి పోయిన తెలుగు కూలీలను అక్కడివాళ్ళు 'కామాటీలు' అన్నారు. వాళ్ళుండిన పేట పేరే కామాటిపుర. తర్వాత బట్టల మిల్లుల్లో పనికి పద్మశాలీలు పోయారు. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మెతో వేలాది కుటుంబాల బతుకు తలకిందులైంది. మిల్లులు మూతపడినా కూలీ పని మిగిలింది. ఈనాటికీ తెల్లవారేసరికి అక్కడి నాకాల మీద, అంటే కూలీల అడ్డాల మీద, తట్ట, పార పట్టుకుని నిలబడేవాళ్ళలో పాలమూరు మనుషులు ఉంటారు.

దొంగల మాట, బాంబుల మాట

నేరాల విషయంలో బొంబాయికి రెండు పేర్లు ఉన్నాయి. ఆడవాళ్ళు రాత్రి పొద్దుపోయాక కూడా పని ముగించుకుని ఒంటరిగా రైలెక్కి ఇల్లు చేరగల నగరమని ఒక పేరు. లోకల్ రైళ్ళలో వాళ్ళకు విడిగా పెట్టెలు ఉంటాయి. మొత్తం ఆడవాళ్ళకే నడిచే రైలు 1992లోనే చర్చిగేట్, బోరివలి మధ్య మొదలైంది. అట్లాగని నిశ్చింతగా ఉండే వీలూ లేదు. 2013 ఆగస్టులో మూతపడిన శక్తి మిల్లు ఆవరణలో పని మీద వెళ్ళిన యువతిపై జరిగిన అత్యాచారం దేశాన్ని కుదిపేసింది. జనం ఉన్నచోట ధైర్యం ఉంటుంది, పాడుబడ్డ చోట ఉండదు. ఏ ఊళ్ళోనైనా ఇదే లెక్క.

రెండో పేరు బాంబుల వల్ల వచ్చింది. 1993 మార్చి 12న వరుస పేలుళ్ళలో 257 మంది చనిపోయారు. 2006 జూలై 11న సాయంత్రం వేళ లోకల్ రైళ్ళలో పేలుళ్ళు జరిగాయి. 2008 నవంబరు 26న సముద్రం మీదుగా వచ్చిన పదిమంది ముష్కరులు 166 మందిని బలిగొన్నారు. తాజ్, ఒబెరాయ్ హోటళ్ళు, లియోపోల్డ్ కేఫ్, నారిమన్ హౌస్ లలో విదేశీయులు కూడా ప్రాణాలు కోల్పోయారు. లోకమంతా తాజ్ హోటల్ మంటలనే టీవీలో చూసింది. కాని ఆ దాడిలో ఒకేచోట ఎక్కువ మంది చనిపోయింది తాజ్ లో కాదు, మనవాళ్ళు దిగే వీటీ స్టేషనులో. అక్కడ 50 మందికి పైగా నేలకొరిగారు. వాళ్ళలో ఎక్కువమంది మూటలు పక్కన పెట్టుకుని బండి కోసం ఎదురుచూస్తున్న సామాన్యులే.

విదేశీయులకు ఎట్లా ఉంటుంది?

గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గరా, కొలాబా వీధుల్లోనూ విదేశీయులు ఎక్కువగా కనిపిస్తారు. వాళ్ళ మీద దౌర్జన్యాల కంటే మోసాలే ఎక్కువ. టాక్సీకి రెట్టింపు అడుగుతారు. డబ్బు వద్దు, పసిబిడ్డకు పాలపొడి డబ్బా కొనిపెట్టమని బతిమాలుతారు. కొనిచ్చాక ఆ డబ్బా మళ్ళీ అదే దుకాణానికి చేరుతుంది.

2008 తర్వాత పెద్ద హోటళ్ళలో సంచి వెతకకుండా, తనిఖీ గేటు దాటించకుండా ఎవరినీ లోనికి పోనివ్వరు. విదేశీయుడు హోటల్లో దిగితే 24 గంటల్లో ఆ వివరాలు ప్రభుత్వానికి పంపాలి. పర్యాటకులకు సాయం కావాలంటే 1363 నంబరులో విదేశీ భాషల్లోనూ మాట్లాడతారు. ఇన్ని ఏర్పాట్లు ఉన్నా 2024 డిసెంబరు 18న ఎలిఫెంటా గుహలకు పోయే పడవను నౌకాదళం వేగపు పడవ ఢీకొని 15 మంది చనిపోయారు. పడవెక్కే ముందు లైఫ్ జాకెట్ అడిగి తొడుక్కోవాలన్న మాట విదేశీయుడికి ఎంత ముఖ్యమో, సెలవు దొరికిన రోజున సముద్రం చూడబోయే మన పిల్లవాడికీ అంతే ముఖ్యం.

అసలు గండం పట్టాల మీద

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2023వ సంవత్సరం ఒక్కదానిలోనే బొంబాయి లోకల్ రైళ్ళ మార్గాల్లో 2,500 మందికి పైగా చనిపోయారు. సగటున రోజుకు ఏడుగురు. 2008 దాడిలో పోయినంత మంది నెల తిరగకముందే పట్టాల మీద పోతున్నారన్నమాట. ఆ వార్త ఏ టీవీలోనూ మూడు రోజులు నడవదు.

కారణాలు చూస్తే అంతుపట్టనివేమీ కావు. పట్టాలు దాటబోయి పోయేవాళ్ళే ఎక్కువ. వంతెన ఎక్కితే అయిదు నిమిషాలు, పట్టాలు దాటితే అర నిమిషం అనుకుంటారు. ఒక బండి పోయింది కదా అని అడుగు వేస్తే పక్క పట్టా మీద రెండో బండి వస్తుంది. తర్వాతి వాళ్ళు కిక్కిరిసిన పెట్టె తలుపు దగ్గర వేలాడుతూ జారిపడేవాళ్ళు. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర ఎదురెదురుగా పోతున్న రెండు రైళ్ళ ఫుట్‌బోర్డుల మీదివాళ్ళు ఒకరికొకరు తగిలి కిందపడ్డారు. కొందరి ప్రాణాలు పోయాయి. తలుపులు వాటంతట అవే మూసుకునే ఏసీ లోకల్ 2017 డిసెంబరులో వచ్చింది. దాని టికెట్టు కూలీకి బరువు.

తలుపు దగ్గర నిలబడి ఫోను చూసేవాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. పట్టాల పక్కన కాచుకున్న దొంగ చేతిమీద కట్టెతో కొడతాడు. దాన్ని అక్కడ 'ఫట్కా' అంటారు. ఫోను కోసం వంగితే మనిషే పడిపోతాడు. ఫోను పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు.

వాన, గోడ, గుడిసె

రెండో గండం వాన. 2005 జూలై 26న శాంతాక్రజ్ లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. మన జిల్లాలో ఏడాదంతా కురిసినా అంత వాన పడని సంవత్సరాలు ఎన్నో. బొంబాయి మురుగు కాలువలు సముద్రంలో కలుస్తాయి. పెద్ద వాన, సముద్రపు పోటు ఒకేసారి వస్తే నీళ్ళు లోపలికి పోక వీధుల్లోనే నిలుస్తాయి. ఆ నీళ్ళ కింద మూత తీసిన మ్యాన్‌హోల్ కనిపించదు. 2017 ఆగస్టులో పేరున్న వైద్యుడొకరు అట్లా పడిపోయే చనిపోయారు. మోకాలి లోతు నీళ్ళలో నడవాల్సి వస్తే చేతిలో కర్రతో నేల తడుముతూ నడవాలి. నీళ్ళు తీసేదాకా ఆగడం అంతకన్నా మంచిది.

మూడోది గోడ. 2019 జూలై 2వ తేదీ తెల్లవారకముందే మలాడ్ లో గోడ కూలి, దాని పక్కన గుడిసెల్లో నిద్రపోతున్న వాళ్ళు 20 మందికి పైగా చనిపోయారు. 2024 మే 13న ఘాట్‌కోపర్ లో గాలివానకు పెద్ద ప్రకటన బోర్డు పెట్రోలు బంకు మీద కూలి 17 మంది పోయారు. పనిచోటనే రేకుల షెడ్డు వేసుకుని, పిల్లలతో పడుకునే మన కుటుంబాలు గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే. ఎత్తయిన గోడ కింద, కొండ చరియ కింద, కొత్తగా తవ్విన గుంత అంచున గుడిసె వేయమంటే మేస్త్రీకి కాదని చెప్పాలి. ఒక్కడు చెబితే వినకపోవచ్చు. గుంపంతా కలిసి చెబితే మేస్త్రీ వినక తప్పదు.

పోయేవాళ్ళు గుర్తుంచుకోవలసినవి

రైల్లో పక్కవాడు పెట్టిన బిస్కెట్టు, చాయ్ తీసుకోవద్దు. మత్తుమందు కలిపి సొమ్ము దోచుకునే వాళ్ళుంటారు. చీకటితో దిగితే తెల్లవారేదాకా స్టేషనులోనే ఉండాలి. తక్కువకు దింపుతానని వెంటపడే అపరిచితుడి బండి ఎక్కవద్దు. మీటరుతో నడిచే నలుపు, పసుపు రంగు టాక్సీ ఎక్కాలి. బాంద్రా, సయన్ దాటి దక్షిణాన ఆటోలు తిరగవు. అక్కడ ఆటో ఇప్పిస్తానని ఎవరైనా అంటే మోసమని తెలుసుకోవాలి.

పోయిన చోటి చిరునామా హిందీలోనో, మరాఠీలోనో రాయించి జేబులో ఉంచుకోవాలి. పిల్లల జేబులోనూ పెట్టాలి. ఆపదలో 112, రైల్లో అయితే 139, పిల్లలు తప్పిపోతే 1098. బొంబాయి పోలీసులు ఆడవాళ్ళ కోసం 103 నంబరు పెట్టారు.

గల్ఫ్ ఉద్యోగమని బొంబాయి రమ్మనే ఏజెంట్ల విషయంలో మరింత పైలం. లైసెన్సు ఉన్న ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉంటుంది. పాసుపోర్టు, పైసలు చేతికిచ్చే ముందే చూసుకోవాలి.

బొంబాయి పోనివాళ్ళకూ ఒక మాట. 'బొంబాయి పోలీసులం, నీ పేర పార్సిలులో గంజాయి దొరికింది, నిన్ను ఫోనులోనే అరెస్టు చేశాం' అని బెదిరించి డబ్బు గుంజే ముఠాలు పల్లెలకూ ఫోన్లు చేస్తున్నాయి. ఫోనులో అరెస్టు చేయడమన్నది ఏ చట్టంలోనూ లేదు. ఫోను పెట్టేసి, డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి.

ఊరు చేయగలిగిన పని

బొంబాయి భద్రమా అంటే, దిగే చోటును బట్టి ఉంటుందని చెప్పాలి. హోటల్లో దిగిన అతిథి పేరు 24 గంటల్లో ప్రభుత్వ లెక్కలోకి ఎక్కుతుంది. ఆ హోటలుకు పునాది తవ్విన కూలీ పేరు చాలాసార్లు మేస్త్రీ చిట్టాలో తప్ప ఎక్కడా ఉండదు. ప్రమాదం జరిగితే అతను ఏ ఊరివాడో తెలుసుకోవడానికే రోజులు పడుతుంది.

ఈ లోటు తీర్చడానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. గ్రామ పంచాయతీలో ఒక పుస్తకం పెట్టి, ఊరు విడిచి పోయే ప్రతి మనిషి పేరు, మేస్త్రీ పేరు, పనిచోటు, రెండు ఫోను నంబర్లు రాసుకుంటే చాలు. చోటు మారినప్పుడు ఫోను చేసి చెబితే దిద్దుకోవచ్చు. గడప దగ్గర తల్లి పైలమని చెప్పి పంపుతోంది. ఆ కొడుకు ఎక్కడున్నాడో రాసి ఉంచుకోవడం ఊరి వంతు.