మీట పడిపోయిన వేళ

పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 నుండి పెద్దపల్లి జిల్లాలో భాగమైన మంథని గోదావరీ తీరాన వెలసిన ప్రాచీన పట్టణం. వేదవిద్యకు, శాస్త్ర పాండిత్యానికి అది పేరు పొందింది. మట్టిగోడల పెంకుటిళ్ళు, వాటి నడుమ లేచిన కాంక్రీటు మేడలు అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. సమీపంలోని రామగుండంలో నేషనల్ థర్మల్ పవర్ కార్పొరేషన్ తొలి యూనిట్ 1983లో విద్యుదుత్పత్తి ప్రారంభించింది. నాటి ఇళ్ళలో రెండు మూడు దీపాలకు, ఒక ఫ్యానుకు సరిపోయేలా అమర్చిన తీగలపై నేడు ఫ్రిజ్, గీజరు, కూలరు, నీళ్ళ మోటారు, ఇన్వర్టరు ఆధారపడుతున్నాయి. ఈ మార్పుతో పాటు ఇంటింటా వినిపించే ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. అదే మాటిమాటికీ మీట పడిపోవడం.

ఉన్నట్టుండి ఇల్లు చీకటైతే గృహస్థుకు విసుగు కలగడం సహజం. చాలామంది మీటను తిరిగి పైకెత్తి ఊరుకొంటారు. మళ్ళీ పడితే మళ్ళీ ఎత్తుతారు. కాని మీట పడిపోవడం రోగం కాదు, రోగ లక్షణం. జ్వరం వచ్చినప్పుడు కారణం తెలుసుకోకుండా ఒళ్ళు చల్లబరిస్తే చాలదు కదా! అలాగే మీట పడిన ప్రతిసారీ అది ఏదో ఒక లోపాన్ని తెలియజేస్తున్నదని గ్రహించి, ఆ లోపం ఎక్కడున్నదో వెదకాలి.

ఇంటి పంపిణీ పెట్టెలో సాధారణంగా రెండు రకాల రక్షణ సాధనాలు ఉంటాయి. మొదటిది ఎం.సి.బి. ఇది తీగలను కాపాడుతుంది. రెండవది ఆర్.సి.సి.బి. ఇది ప్రధానంగా మనుషులను కాపాడుతుంది. దీనిపై 'టి' అక్షరం గల చిన్న బొత్తాం ఉంటుంది. పడిపోయినది ఈ రెండింటిలో ఏదో గుర్తించడమే పరిశోధనలో మొదటి మెట్టు.

ఎం.సి.బి. లోపల రెండు లోహాలను అతికించి చేసిన ఒక పట్టీ, ఒక తీగచుట్ట ఉంటాయి. ప్రవాహం పరిమితిని మించితే పట్టీ వేడెక్కి క్రమంగా వంగి మీటను పడగొడుతుంది. ఇందుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ నేరుగా కలిసి షార్ట్ సర్క్యూట్ ఏర్పడితే మాత్రం తీగచుట్ట అయస్కాంతంగా మారి రెప్పపాటులో మీటను లాగివేస్తుంది. కనుక మీట పడడానికి పట్టిన సమయమే కారణాన్ని సూచిస్తుంది. చలికాలపు ఉదయాన ఒకే 16 ఆంపియర్ల వలయంపై 3000 వాట్ల గీజరు, 1500 వాట్ల కెటిల్, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె కలిసి పనిచేస్తున్నాయనుకొందాం. మొత్తం 5500 వాట్లు. దానిని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 24 ఆంపియర్లు వస్తుంది. కొద్దిసేపటికి మీట పడుతుంది. ఇక్కడ చెడిపోయిన వస్తువేదీ లేదు, భారం మాత్రమే ఎక్కువైంది. దానిని వేరువేరు వలయాలకు పంచడమే పరిష్కారం.

ఆర్.సి.సి.బి. పని వేరు. ఫేజు తీగ ద్వారా ఇంట్లోకి వెళ్ళిన ప్రవాహం అంతా న్యూట్రల్ తీగ ద్వారా తిరిగి రావాలి. రానిచో ఎక్కడో గోడలోకో, నేలలోకో, మనిషి దేహంలోకో కారిపోతున్నదని అర్థం. ఇళ్ళలో వాడే ఆర్.సి.సి.బి. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోగానే విద్యుత్తును ఆపుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ మానవదేహంపై విద్యుత్ ప్రభావాన్ని పరిశోధించి, 1961లో ఇటువంటి సాధనాన్ని రూపొందించాడు. తీగ పట్టుకొన్న చేతిని మనిషి తనంతట తాను విడిపించుకోగల ప్రవాహం పురుషులలో సగటున సుమారు 16 మిల్లీ ఆంపియర్లని ఆయన ప్రయోగాలు తెలిపాయి. 60 వాట్ల బల్బు తీసుకొనే ప్రవాహం సుమారు 260 మిల్లీ ఆంపియర్లు. అంటే ప్రాణం తీయడానికి ఒక చిన్న బల్బుకు కావలసినంత విద్యుత్తు కూడా అవసరం లేదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి ఇంత చిన్న ప్రవాహం లెక్కలోకే రాదు. ఆర్.సి.సి.బి. అవసరం ఇక్కడే తెలుస్తుంది.

ఉత్తర తెలంగాణ వాతావరణంలో ఈ సాధనానికి పని ఎక్కువ. మండుటెండలలో ఇనుప కూలర్లు రాత్రింబగళ్ళు తిరుగుతాయి. నీటిలో మునిగి ఉండే పంపు తీగపై తొడుగు చిట్లితే కూలరు ఒళ్ళంతా విద్యుత్తు పాకుతుంది. అదే ఎండకు ఎర్త్ గుంతలోని మట్టి ఎండిపోయి, విద్యుత్తు భూమిలోకి సులభంగా వెళ్ళే దారి కూడా సన్నగిల్లుతుంది. వానకాలంలో మట్టిగోడలు చెమ్మగిల్లి, పాత అతుకుల వద్ద విద్యుత్తు కారుతుంది. 2022 జూలైలో గోదావరి వరద మంథని ఇళ్ళలోకి చేరింది. అటువంటి వరద తీసిన తరువాత గోడ పైకి ఆరినట్లు కనిపించినా గొట్టాలలో, స్విచ్ పెట్టెలలో చెమ్మ నిలిచి ఉండవచ్చు. కనుక మీట ఎండకాలంలో పడుతున్నదా, వాన కురిసినప్పుడా, మోటారు వేసినప్పుడా అని కొన్ని రోజులు గమనించి రాసుకోవడం మేలు.

తరువాత ఒక్కొక్కదానిని వేరుచేస్తూ పరీక్షించాలి. మొదట అన్ని వస్తువుల ప్లగ్గులనూ ఊడదీయాలి. స్విచ్ ఆపితే చాలదు, ఎందుకంటే స్విచ్ సాధారణంగా ఫేజును మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్ తగిలే ఉంటుంది. పిదప అన్ని ఎం.సి.బి.లను దించి, ఆర్.సి.సి.బి.ని ఎత్తి, వలయాలను ఒక్కొక్కటిగా కలపాలి. ఆపైన వస్తువులను ఒకదాని తరువాత ఒకటి తగిలించాలి. ఏది తగిలించగానే మీట పడుతున్నదో అక్కడ అనుమానం నిలుస్తుంది. ఈ పని పొడి చేతులతో, కాళ్ళకు చెప్పులు వేసుకొని చేయాలి. పెట్టె మూత విప్పరాదు. కాలిన వాసన వచ్చినా, ఎత్తిన వెంటనే మీట మళ్ళీ పడినా అక్కడితో ఆపి, అర్హతగల ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

అయితే అనుమానం తగిలినదల్లా దోషి కాదు. ఉదాహరణకు ఒక ఇంట్లో గీజరు వేయగానే ఆర్.సి.సి.బి. పడుతున్నదనుకొందాం. గీజరును మార్చినా ఫలితం లేదు. ఇస్త్రీపెట్టె వేసినా అదే తీరు. అసలు లోపం పెరటి దీపం వద్ద ఉండవచ్చు. అక్కడ అతుకు టేపు ఊడి, న్యూట్రల్ తీగ ఎర్త్‌కు కలిపిన ఇనుప పెట్టెను తాకుతుంటుంది. దీపం ఆర్పి ఉన్నా, ఇంట్లో ఏ పెద్ద వస్తువు పనిచేసినా తిరుగు ప్రవాహంలో కొంత భాగం ఈ అడ్డదారిన భూమిలోకి పోతుంది. ఆర్.సి.సి.బి. ఆ తేడాను పసిగట్టి పడిపోతుంది. ఇటువంటి లోపాన్ని పట్టడానికి ఎలక్ట్రీషియన్ న్యూట్రల్ తీగలను కూడా విడదీసి, మెగ్గర్‌తో 500 వోల్టుల వద్ద పరీక్షిస్తాడు. తీగకూ భూమికీ మధ్య నిరోధం కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి. ఇన్వర్టరు న్యూట్రల్‌ను సరిగా కలపకపోయినా ఇదే తంటా వస్తుంది. కొన్నిసార్లు ఒక్కొక్క వస్తువులో కారేది స్వల్పమే అయినా, అన్నీ కలిసి హద్దు దాటుతాయి.

కారణం వెదికే ఓపిక లేనివారు అడ్డదారులు తొక్కుతారు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. తీసి 32 ఆంపియర్లది పెడతారు. పాత ఫ్యూజులో సన్నతీగకు బదులు లావు రాగితీగ చుడతారు. ఆర్.సి.సి.బి.ని తప్పించి తీగలను నేరుగా కలుపుతారు. అప్పుడు మీట పడదు, ఇంట్లో చీకటీ ఉండదు. కాని గోడలోని తీగ మారలేదు. మామూలు పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకే ఓర్చుకొంటుంది. అంతకు మించి తీగ వేడెక్కుతున్నా ఆపేవారు లేరు. కూలరులో నీళ్ళు పోయబోయే పిల్లవాడికి, తడిచేతితో మోటారు వేసే ఇల్లాలికి అడ్డుగా నిలిచే రక్షణ కూడా పోయింది.

నెలకొకసారి 'టి' బొత్తాం నొక్కి ఆర్.సి.సి.బి. పనిచేస్తున్నదో లేదో చూడడం, వేసవిలో ఎర్త్ గుంతలో నీరు పోయించడం, కూలరును శుభ్రపరిచే ముందు ప్లగ్గు ఊడదీయడం ఖర్చులేని పనులు. వీటిని పాటిస్తూ, మీట పడిన ప్రతిసారీ ఎందుకు పడినదని ప్రశ్నించే గృహస్థు తన ఇంటిని, ఇంటిల్లిపాదినీ కాపాడుకొన్నవాడవుతాడు. మీటను పైకెత్తడానికి వేలు చాలు. అది ఎందుకు పడినదో తెలుసుకోవడానికి వివేకం కావాలి.