తిలకుని విచారించిన న్యాయమూర్తి

1897వ సంవత్సరము ఆగస్టు నెలలో, రాజద్రోహ నేరముపై నిర్బంధింపబడి, బెయిలు కొరకు అప్పటికే చేసికొన్న ప్రార్థనలన్నియు నిష్ఫలములైన పూనా పత్రికాధిపతి బాలగంగాధర తిలకుని పక్షమున, బొంబాయి హైకోర్టులో న్యాయమూర్తి బద్రుద్దీన్ త్యాబ్జీ యెదుట నిలిచి మరల వాదించిన బారిష్టరు దిన్‌షా దావరు అను పారసీకుడు. ముద్దాయి విచారణకు హాజరగునా కాదా అన్నదే బెయిలు విషయమున ప్రధానముగ చూడవలసినదని నిర్ణయించి త్యాబ్జీ తిలకును విడుదల చేయించెను. పదునొకండేండ్లు గడచెను. 1908 జూలై మొదట, అదే నేరారోపణపై, అదే న్యాయస్థానమున, అదే తిలకునకు బెయిలు కావలెనని మహమ్మదాలీ జిన్నా అను యువ న్యాయవాది వాదింపగా విని, కారణములను వివరించుట ఉచితము కాదని పలికి, ఆ ప్రార్థనను త్రోసిపుచ్చిన న్యాయమూర్తి కూడ ఆ దావరే.

చట్టమునుబట్టి చూచినచో ఇందు దోషమేమియు లేదు. ఒకప్పుడు ఒకని పక్షమున వకాల్తా పుచ్చుకొన్నవాడు, న్యాయమూర్తియైన పిదప వేరొక అభియోగమున అతనిని విచారింపరాదను నిషేధము నాటి క్రిమినలు ప్రొసీజరు కోడునందు లేదు. అయినను, ఒక శతాబ్దము దాటిపోయిన నేటికిని, ఈ వృత్తాంతము వినిన వాని మనస్సు ఒక్కమారు చివుక్కుమనక మానదు. ఆ నొప్పి ఎచ్చటనుండి పుట్టుచున్నదో విచారించి తెలిసికొన్నచో, రాజకీయ సంక్షోభముతో ముడివడిన నేరవిచారణలలో న్యాయమూర్తి నిష్పాక్షికతను గూర్చి ప్రజలు పడెడి ఆందోళనకు మూలమేమో మనకు బోధపడును.

ఆ కాలము సామాన్యమైనది కాదు. 1908 ఏప్రిల్ 30వ తేదీ రాత్రి ముజఫర్‌పూరులో ఖుదీరాం బోసు, ప్రఫుల్ల చాకీ అను ఇరువురు యువకులు విసరిన బాంబు, వారు గురిపెట్టిన జిల్లా జడ్జీ కింగ్స్‌ఫర్డును తాకక, మరియొక బండిలో పోవుచున్న ఇద్దరు ఆంగ్లేయ స్త్రీలను బలిగొనెను. నిరపరాధులైన స్త్రీల మరణమును ఏ సిద్ధాంతమును సమర్థింపజాలదు. కాని ఆ బాంబు ఒక న్యాయాధికారిపై గురిపెట్టబడినదన్న సంగతిని మరువరాదు. కింగ్స్‌ఫర్డు కలకత్తాలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు సుశీల్ సేన్ అను బాలునకు కొరడాదెబ్బలు శిక్షగా విధించెను. న్యాయస్థానము కూడ దొరతనములో ఒక కొమ్మయే యని, అచట తమ మొర వినువారు లేరని నమ్మిన యౌవనము ఏ మార్గమును త్రొక్కునో ఆ రాత్రి దేశమునకు తెలియవచ్చెను.

ఆ సంఘటనపై తిలకు తన 'కేసరి' పత్రికలో వ్యాసములు వ్రాసెను. మే 12వ తేదీ వ్యాసమునకు 'దేశ దౌర్భాగ్యము' అనియు, జూన్ 9వ తేదీ వ్యాసమునకు 'ఈ ఉపాయములు నిలుచునవి కావు' అనియు అర్థమిచ్చు మరాఠీ శీర్షికలుండెను. బాంబు ప్రయోగము శోచనీయమే గాని, ప్రజల నోరు నొక్కివేసిన దొరతనమే దానికి కారణమనియు, అణచివేతవలన అది ఆగదనియు ఆ వ్యాసముల సారాంశము. జూన్ 24న ఆయనను బొంబాయిలో నిర్బంధించిరి. జూలై 13న విచారణ ప్రారంభమయ్యెను.

జ్యూరీలో తొమ్మండుగురు: ఏడుగురు ఐరోపావారు, ఇద్దరు పారసీకులు. వ్యాసములు మరాఠీలో ఉన్నవి గనుక మరాఠీ తెలిసిన భారతీయులు జ్యూరీలో అధికముగ ఉండవలెనన్న తిలకుని కోరిక సాగలేదు. కావున, వాక్యములోని శ్లేషలోను, ధ్వనిలోను దాగియున్నదని చెప్పబడిన ద్రోహమును, కోర్టు అనువాదకుడు సిద్ధపరచిన ఇంగ్లీషు ప్రతినిబట్టి నిర్ణయింపవలసిన అవస్థ జ్యూరీకి పట్టెను. తిలకు తన వాదమును తానే వినిపింప నిశ్చయించి, ఆ అనువాదకుని బోనులో నిలిపి, ఒక్కొక్క పదమును పట్టుకొని ప్రశ్నించి, పిమ్మట జ్యూరీని ఉద్దేశించి ఆరు దినములపాటు, మొత్తము ఇరువదియొక గంటలకు పైగా ప్రసంగించెను. ఒక పత్రికాసంపాదకుడు ఏబదిరెండవ యేట, మధుమేహముతో కృశించిన శరీరముతో, పరభాషలో, తన భాషలోని వాక్యములకు అర్థము ఇది యని తొమ్మండుగురు అపరిచితులకు నచ్చజెప్పుటకై పడిన ఆ ప్రయాసను తలచుకొన్న కొలది మనస్సు ద్రవించును.

జూలై 22 రాత్రి జ్యూరీ ఏడుగురు ఒక ప్రక్క, ఇద్దరు ఒక ప్రక్కగా చీలి, అధిక సంఖ్యాకులు దోషియని చెప్పిరి. అభిప్రాయములు ఇట్లు చీలినప్పుడు న్యాయమూర్తి యేమి చేయునన్నదే ముఖ్యము. దావరు అధికసంఖ్యాకుల తీర్పును అంగీకరించి, ఆరేండ్ల ద్వీపాంతరవాసమును, వేయి రూపాయల జుల్మానాను విధించెను. అంతటితో ఆగినచో చరిత్ర ఆయనను ఇంత కఠినముగ స్మరింపక పోయెడిదేమో. శిక్ష చెప్పబోవుచు ఆయన చేసిన ప్రసంగములో, ఇట్టి వ్రాతలు వ్యాధిగ్రస్తమై వక్రించిన బుద్ధికి మాత్రమే తోచుననియు, తిలకుని పత్రికావ్యాసంగము దేశమునకు శాపమనియు, పాలకులపై ఆయనకు గల ద్వేషము ఈ పదేండ్లలోను సమసిపోలేదనియు పలికెను. తాను విధించిన శిక్షను లోకము అనుచితమైన దయగా నిందించునని కూడ అనెను.

'ఈ పదేండ్లు' అన్న మాట దగ్గర ఆగవలసియున్నది. పదేండ్ల వెనుకటి తిలకుని దావరు ఎరుగుట న్యాయమూర్తిగా కాదు, ఆయన వకీలుగా. తన వకీలుతో ముద్దాయి మాటలాడునప్పుడు మరుగు ఉంచడు, భయము ఉంచడు. ఆ విశ్వాసము లేనిచో వకాల్తాయే నిరర్థకము. ఆనాడు తన కక్షిదారుడైయుండిన వ్యక్తి అంతరంగమును గూర్చి, నేడు ధర్మాసనముపైనుండి, ద్వేషము సమసిపోలేదని కొలతవేసి చెప్పుటకు దావరునకు ఆధారమైనది ఎదుటనున్న సాక్ష్యమా, పూర్వపు పరిచయమా? ఆయన సాక్ష్యమునుబట్టియే పలికియుండవచ్చును. కాని బోనులో నిలిచినవానికి గాని, హైకోర్టు వెలుపల వర్షములో గుమిగూడి నిలిచిన జనమునకు గాని ఆ సంగతి తెలియు మార్గము లేదు. తెలియు మార్గము లేకపోవుటయే ఇందలి అన్యాయము.

నగరము తన సమాధానమును తానే చెప్పెను. ఆరేండ్ల శిక్షకు ఏడాదికి ఒక దినముగా లెక్కించి, బొంబాయి మిల్లు కార్మికులు ఆరు దినములు పని మానిరి, కాల్పులు జరిగెను, కొందరు ప్రాణములు కోల్పోయిరి. తిలకు మాండలే చెరసాలకు పంపబడి, అచ్చటనే 'గీతారహస్యము' వ్రాసెను. ఆ సంవత్సరముననే బెజవాడలో 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకు మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహ నేరముపై మూడేండ్లు కఠిన కారాగారవాసము అనుభవించిరి గనుక, ఈ కథ తెలుగువారికి పరాయి కథ కాదు.

దావరు భారతీయుడు కదా, స్వజాతీయుని విషయమున ఇట్లు ఏల ప్రవర్తించెనని ఆనాడు వగచినవారు కలరు. ఆ వగపులో ఒక పొరపాటు కలదు; అది నేటికిని మనలను వదలలేదు. న్యాయమూర్తి ఏ కులమువాడు, ఏ ప్రాంతమువాడు, ఏ ప్రభుత్వ కాలమున నియమింపబడినాడు అని ఆరాతీసి, దానినిబట్టి తీర్పును ముందే ఊహించుట మన రచ్చబండలమీదను, టెలివిజను చర్చలలోను పరిపాటియైనది. తిలకుని జీవితమే దీనికి సమాధానము చెప్పుచున్నది. 1916లో ఆయన ప్రసంగములు రాజద్రోహకరములని ఎంచి, పూనా మేజిస్ట్రేటు ఆయనయొద్దనుండి ఇరువదివేల రూపాయల ముచ్చలికా కోరినప్పుడు, మరల జిన్నాయే వాదింపగా, ఆ ఉత్తర్వును కొట్టివేసిన బొంబాయి హైకోర్టు ధర్మాసనమున అధ్యక్షుడు బ్యాచిలరు అను ఆంగ్లేయుడు. ఆయన ప్రక్కన కూర్చున్నది షా అను భారతీయుడు. పుట్టుకనుబట్టి పక్షపాతమును లెక్కించువారికి ఈ లెక్క తేలదు. పరిశీలింపవలసినది న్యాయమూర్తికి ఆ కేసుతోను, కక్షిదారులతోను గల సంబంధమును, విచారణ పొడుగునను ఆయన నడవడియును.

నడవడి యనునది ఎంత దూరము పోవునో తెలిసికొనుటకు 1922 మార్చి 18న అహమ్మదాబాదులో జరిగిన గాంధీజీ విచారణను దీని ప్రక్కన నిలుపవలెను. నేరము అదే, చట్టము అదే. జడ్జీ బ్రూంఫీల్డు ముద్దాయికి తల వంచి నమస్కరించి, తన పని కష్టతరమైనదని చెప్పి, కోట్లమంది దృష్టిలో ఆయన మహాపురుషుడని అంగీకరించి, తిలకునకు పడిన శిక్షనే కొలమానముగ గ్రహించి, ఆరేండ్లు విధించెను. ప్రభుత్వము ఆ కాలమును తగ్గింపగలిగినచో తనకంటె సంతోషించువారు ఉండరని పలికెను. తిలకునకు పడిన శిక్షకంటె ఆయన విధించినది ఒక్క దినమైనను తగ్గలేదు. అయినను బ్రూంఫీల్డు పక్షపాతియని ఎవరును అనలేదు. గాంధీజీయే ఆయన మర్యాదను ప్రశంసించెను. గాంధీజీ నేరమును అంగీకరించుటచే ఆ జడ్జీ పని సులభమైనమాట నిజము. తిలకు పోరాడెను గనుక దావరునకు ఆ సౌలభ్యము లేదు. కాని పోరాడెడి ముద్దాయియెడలనే న్యాయమూర్తి నాలుకకు నిగ్రహము ఎక్కువ కావలెనుగదా!

మన సర్వోన్నత న్యాయస్థానము ఈ విషయమున చెప్పిన సూత్రము 1987లో ఒక సామాన్య సైనికుని వ్యాజ్యములో వెలువడెను. తన అధికారిపై పైవారికి ఫిర్యాదు చేసికొన్న ఆ సైనికుడు శిక్ష అనుభవించుచు, భోజనము చేయుమన్న ఆజ్ఞను నిరాకరించెనని అభియోగము. ఆ అభియోగమును విచారించిన సైనిక న్యాయస్థానమున, ఎవనిపై ఫిర్యాదు చేసెనో ఆ అధికారియే కూర్చుండెను. ఏడాది కఠినశిక్షయు, ఉద్యోగభంగమును విధింపబడెను. సుప్రీంకోర్టు దానిని రద్దుచేయుచు, న్యాయమూర్తి తన మనస్సులోనికి చూచుకొని 'నేను పక్షపాతినా?' అని ప్రశ్నించుకొనుట చాలదనియు, ఎదుట నిలిచిన కక్షిదారుని మనస్సులోనికి చూడవలెననియు నిర్దేశించెను. తన అంతఃకరణ నిర్మలమని నమ్మని న్యాయమూర్తి లోకములో ఉండడు. దావరు కూడ అట్లే నమ్మియుండును. కావుననే ఆ నమ్మకమును కొలతగా పెట్టుకొనరాదు. కక్షిదారుని భయము సహేతుకమైనదిగా ఉండినచో చాలును. పక్షపాతము వాస్తవముగ జరిగెనని రుజువు చేయ నక్కరలేదు.

ఈ సూత్రమును దుర్వినియోగము చేయువారును లేకపోలేదు. తమకు అనుకూలమైన ధర్మాసనము దొరకువరకు ఒక్కొక్క న్యాయమూర్తిపై ఒక్కొక్క నింద మోపి కేసును ఊళ్ళు తిప్పుటకు, ధనబలము గల ముద్దాయిలు రాజకీయ వ్యాజ్యములలో ప్రయత్నించుచుందురు. అట్టి ప్రతి నిందకును తలయొగ్గి తప్పుకొనుట కూడ కర్తవ్యభ్రంశమే. కేసును ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు మార్చు అధికారము సుప్రీంకోర్టునకు కలదు. నాటి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత అక్రమ ఆస్తుల కేసును 2003లో చెన్నైనుండి బెంగుళూరునకు మార్చుట ఆ అధికారమును వినియోగించియే. నింద మోపినవారికి, మోపబడినవారికి గాక, మూడవ వారికి ఆ నిర్ణయము ఒప్పగింపబడుట ఇందలి విశేషము.

కాని ఒక న్యాయమూర్తి తప్పుకొనవలెనా వలదా అన్న ప్రశ్న మాత్రము మన ఉన్నత న్యాయస్థానములలో నేటికిని సాధారణముగ ఆ న్యాయమూర్తి నిర్ణయమునకే విడువబడుచున్నది. తప్పుకొన్నవారు కారణము చెప్పవలెనన్న విధియును లేదు. తప్పుకొననివారికి అడ్డు చెప్పువారును లేరు. ఇంగ్లండులో 1998 నవంబరున చిలీ దేశపు పూర్వ నియంత పినోషే నిర్బంధమును గూర్చి ప్రభువుల సభ న్యాయపీఠము ముగ్గురు ఇద్దరుగా తీర్పు చెప్పగా, ఆ ముగ్గురిలో ఒకరైన లార్డు హాఫ్‌మనునకు, ఆ వ్యాజ్యమున పాల్గొన్న ఆమ్నెస్టీ సంస్థకు అనుబంధమైన ధర్మసంస్థతో డైరెక్టరుగా సంబంధము కలదని తరువాత బయటపడెను. ఆయన పక్షపాతము చూపెనని ఎవరును అనలేదు. అయినను వేరొక ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుండి, ఆ సంబంధమొక్కటే చాలునని, తమ సభ తీర్పునే తామే రద్దుచేసి, మరల మొదటినుండి విచారణ జరిపించిరి. రెండవ విచారణలో కూడ పినోషేకు వ్యతిరేకముగనే తీర్పు వచ్చెను. తప్పుకొనుటను గూర్చిన అభ్యర్థనను వేరొక ధర్మాసనము విని, కారణములతో ఉత్తర్వు వ్రాయవలెనను నియమమును మన సుప్రీంకోర్టు తానే ఏర్పరచుకొనవచ్చును. 1908లో బొంబాయి హైకోర్టున దావరుగాక మరికొందరు న్యాయమూర్తులుండిరి. అట్టి నియమము ఒకటి ఉండియుండినచో, జిన్నా బెయిలు దరఖాస్తుకు ముందు దాఖలు చేసియుండునది ఆ అభ్యర్థననే.