డబ్బాకూ వాతాయనం కావాలి

పిల్లలూ! కిటికీకి మన భాషలో ‘వాతాయనం’ అనే పేరు కూడా ఉంది. వాతం అంటే గాలి, అయనం అంటే దారి. బల్ల మీది కంప్యూటర్ డబ్బాకు కావలసింది కూడా గాలి వెళ్ళే దారే.

ఆ డబ్బాను మనం ‘సీపీయూ’ అనేస్తాం. నిజానికి సీపీయూ అంటే లోపలుండే ప్రాసెసర్ చిప్పు; బయటి డబ్బా క్యాబినెట్. కంప్యూటర్ వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. 200 వాట్లు వాడే కంప్యూటర్ అంటే, డబ్బాలో 100 వాట్ల పాత బల్బులు రెండు వెలుగుతున్నట్టే. ఆ వేడిని గాలే బయటికి మోసుకుపోవాలి.

ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది. గదిలో ఉన్న గాలినే లోపలికి తెస్తుంది. బదిలీల మీద ఊళ్ళు తిరిగే మన ఇళ్ళకు ఇది ముఖ్యమైన సంగతి. ప్రాసెసర్ గదికన్నా 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుందాం. షిల్లాంగులో 20 డిగ్రీల గదిలో అది 70 దగ్గర ఉంటుంది. అదే డబ్బా గోదావరి ఒడ్డున తర్లగూడకు వచ్చి, మే నెలలో 42 డిగ్రీల గదిలో కూర్చుంటే 92! చాలా ప్రాసెసర్లు 95–100 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటాయి. వేడి ఇంకా పెరిగితే కంప్యూటర్ ఆగిపోతుంది. సేవ్ చేయని ప్రాజెక్టు పోతుంది. అప్పుడు కొత్త కంప్యూటర్ కొనాలని తొందరపడకండి. ముందు గాలి దారి చూడండి.

మామూలు డబ్బాలో చల్లగాలి ముందువైపు నుంచి లోపలికి వచ్చి, వేడిగాలి వెనక నుంచి, పైనుంచి పోవాలి. దీన్ని పరీక్షించడం తేలిక. పల్చని కాగితపు ముక్కను జాలీకి దగ్గరగా పట్టుకోండి. ముందువైపు కాగితం జాలీకి అతుక్కోవాలి, వెనక బయటికి ఎగరాలి. అలా జరగకపోతే ఫ్యాను తిరగేసి బిగించారేమో, జాలీ దుమ్ముతో మూసుకుందేమో చూడాలి.

కొందరు పక్క మూత తీసి టేబుల్ ఫ్యాను పెడతారు. వేడి తగ్గవచ్చు కానీ దుమ్ము నేరుగా లోపలికి చేరుతుంది. మూత తీయగానే వేడి బాగా తగ్గిందంటే, మూత ఉన్నప్పుడు గాలికి దారి చాలడం లేదని అర్థం. కూలరు గాలిని మాత్రం డబ్బా వైపు తిప్పకండి, అందులో తేమ ఉంటుంది.

హైదరాబాదు–భోపాలపట్నం జాతీయ రహదారి తర్లగూడ మీదుగానే పోతుంది. ఇలా రోడ్డు పక్కనుండే ఇళ్ళలో జాలీని తరచుగా దులపాలి. లోపల శుభ్రం చేయాలంటే కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకోండి. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. అతివేగంగా తిరిగితే ఫ్యాను చెడిపోవచ్చు.

ఈసారి కొత్త క్వార్టరులో సామాను దించినప్పుడు డబ్బాను మంచం మూలకో, బల్ల కింది మూసిన అరలోకో నెట్టకండి. ఎండ పడని చోట, గోడకు జానెడు దూరంలో పెట్టండి. ఊరు మారినప్పుడల్లా కాగితపు ముక్కతో ఒకసారి పరీక్షించండి. నాన్నగారి బదిలీలు ఎన్ని అయినా మీ కంప్యూటర్ మీతో చాలా ఊళ్ళు తిరుగుతుంది.