చెరువు చేపల లెక్క: అపోహలు – వాస్తవాలు

మణికొండ నుంచి ఏ వైపు వెళ్లినా ఒక చెరువు తగులుతుంది. ఇటు నెక్నాంపూర్, అటు గండిపేట. చేపలు చచ్చి తేలాయన్న ఫొటో వచ్చిన రోజున అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులన్నీ వాటి గురించే మాట్లాడుకుంటాయి. ఆ మాటల్లో మళ్లీమళ్లీ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: చేపలు తేలాయంటే ఎవరో విషం కలిపారు.

వాస్తవం: కలిపినవాళ్లూ ఉండొచ్చు. కానీ మురుగు చేరే చెరువుల్లో చేపలు ఎక్కువగా ఊపిరాడకే చస్తాయి. మురుగు తిని నాచు దట్టంగా పెరుగుతుంది. పగలు ఎండలో ప్రాణవాయువు వదిలే ఆ నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మిగిలింది లాగేస్తాయి. తెల్లవారుజాముకి నీళ్లలో ఊపిరి అడుగంటుతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తాయి. అది కళ్లారా చూసేది వల తీయడానికి థర్మాకోల్ తెప్ప మీద వెళ్లిన మత్స్యకారుడే. ఎండ ముదిరాక శాంపిల్ తీసినవాళ్లకు నీళ్లు బాగానే ఉన్నట్టు తేలుతుంది.

గట్టు మీదే చేయగల పరీక్ష ఒకటుంది. గాజు సీసాలో బుడగ లేకుండా అంచుదాకా చెరువు నీళ్లు నింపి మాంగనీస్ సల్ఫేట్, ఆ తర్వాత క్షారం కలిపిన అయొడైడ్ వేయాలి. ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. తెల్లవారుజామున తెల్ల మడ్డి ఒక్కసారి చూసినవాళ్లకు ఇక వేరే వివరణ అక్కర్లేదు.

ఇంకో ఆనవాలు కూడా ఉంది. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చి బతకగలదు. బొచ్చె, రోహు చచ్చి కొర్రమీను బతికుంటే ఊపిరాడకే అనుకోవచ్చు. కొర్రమీనూ తేలితే రసాయనం మీద అనుమానం బలపడుతుంది.

అపోహ: చేపలున్నాయంటే నీళ్లు మంచివే.

వాస్తవం: ఏ చేపలున్నాయో చూడాలి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, అదే జిలేబీ చేప, మురికి నీళ్లలోనూ తట్టుకుంటుంది. ఒకప్పుడు పది రకాలు పడిన వలలో అదొక్కటే పడుతోందంటే చెరువు జబ్బు పడినట్టే.

అపోహ: ఏటా చేప పిల్లల్ని వదిలితే చాలు.

వాస్తవం: తెలంగాణ ప్రభుత్వం 2016లో ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలుపెట్టింది. బొచ్చె, రోహు, మ్రిగాల పారే నదిలో గుడ్లు పెట్టే జాతులు, నిలవ నీళ్లలో మామూలుగా పెట్టవు, అంటే వదిలినవే తప్ప చెరువులో కొత్తవి పుట్టవు. కాబట్టి ఎన్ని వదిలారు, ఎన్ని చేతికొచ్చాయి అన్న రెండు అంకెలూ కావాలి. రెండోది మత్స్యకారుల సొసైటీ కాటా దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.

అపోహ: లెక్కలు శాస్త్రవేత్తల పని.

వాస్తవం: కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దేశంలో సముద్రపు చేపల దిగుబడిని అంచనా వేసేదే రేవుల్లో పడవలు దిగేచోట నమూనాగా రాసుకున్న వివరాలతో. పడవ మనిషి నోరు విప్పకపోతే ఆ అంచనాకు ఆధారం ఉండదు.

అపోహ: మనది సాఫ్ట్‌వేర్ ఊరు, ఒక యాప్ చేస్తే సరి.

వాస్తవం: ఐటీ వాళ్లు మంచి మనసుతోనే ముందుకొస్తారు. కానీ యాప్‌లో "ఈరోజు 12 కిలోలు" అని ఎక్కిస్తే దాన్నిబట్టి ఏమీ తెలియదు. ఎన్ని వలలు వేశారు? వల కన్ను ఎంత? ఎన్ని గంటలు ఉంచారు? నిన్న రెండు వలలకు 12 కిలోలు పడి, ఈరోజు ఆరు వలలకు అదే 12 పడితే ఒక్కో వల దిగుబడి మూడో వంతుకు పడిపోయినట్టు. ఒక వలకు ఒక రాత్రికి ఎంత అన్నదే పనికొచ్చే లెక్క. తడి చేతులతో ఫోన్ నొక్కలేని మనిషికి గోడ మీద పలక, సుద్దముక్క చాలు. ఫొటో తీసి ఎక్కించే పని మనం చేయొచ్చు.

ఆ లెక్కను మూడు నెలలకోసారి సొసైటీ మీటింగులో చేపలు పట్టే గంగపుత్రుల ముందు, ముదిరాజుల ముందు చదివి వినిపించాలి. అప్పుడే ఎవరో ఒక పెద్దాయన ఆపి, "ఆ రాత్రి వాన కొట్టింది బాబూ, వలలు సగమే వేసినం, అది సరిచేయి" అంటాడు.