గాయపడిన మూగజీవిని వైద్యుని చెంతకు చేర్చే విధానం

మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో ఇంద్రుడు రథంతో ఎదురువచ్చి స్వర్గానికి ఆహ్వానించినప్పుడు, తన వెంట నడిచి వచ్చిన శునకాన్ని విడిచి ఆ రథమెక్కడానికి ధర్మరాజు అంగీకరించలేదు. ఆశ్రయించిన ప్రాణిని విడనాడరాదన్నది ఆ ఘట్టం బోధించే ధర్మం. మన ఇంటి కుక్క వాహనం తగిలి పడినప్పుడు, పిల్లి మేడపై నుండి జారి గాయపడినప్పుడు అదే ధర్మం మనకు కర్తవ్యమవుతుంది. అయితే అట్టి వేళ దయ ఒక్కటే చాలదు. ఆతురతతో ఎత్తుకొని పరుగెత్తితే విరిగిన ఎముక లోపలి రక్తనాళాలను చీల్చవచ్చు. దెబ్బతిన్న వెన్నెముక కదిలి కాళ్లు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. కనుక తరలించే పద్ధతిని ముందుగా తెలిసికొని ఉండడం అవసరం.

మన రక్షణ

ప్రమాదం రోడ్డుపై జరిగితే ముందు వాహనాలను ఆపించాలి. విద్యుద్ఘాతమైతే మెయిన్ స్విచ్ ఆపనిదే జంతువును తాకరాదు. ఎంత సాధువైన జంతువైనా బాధలో, భయంలో యజమానినే కరవవచ్చు. అది దాని దోషం కాదు. ప్రక్కగా, నెమ్మదిగా, మృదువుగా పలుకుతూ సమీపించాలి. ముఖాన్ని దాని ముఖానికి దగ్గరగా ఉంచరాదు.

కుక్కకు మెత్తని గుడ్డపేలికను మూతి చుట్టూ చుట్టి, దవడ క్రింద ఒక మెలిక వేసి, చెవుల వెనుక సులభంగా ఊడే ముడి వేయాలి. వాంతి చేసికొంటున్నా, ఊపిరి కష్టమైనా, దవడకు గాయమైనా, పగ్ వంటి పొట్టి మూతి జాతి అయినా మూతి కట్టరాదు. పిల్లిని మందపాటి తువ్వాలులో, తల మాత్రం వెలుపల ఉండేటట్లు చుట్టాలి.

రక్తస్రావం

శుభ్రమైన గుడ్డను గాయంపై ఉంచి, మధ్యలో ఎత్తి చూడకుండా కనీసం ఐదు నిమిషాలు అదిమి పట్టాలి. గుడ్డ తడిసిపోతే దానిని తీయక, పైన మరొకటి వేయాలి. పసుపు, కాఫీపొడి, సున్నం వంటివి గాయంలో నింపరాదు. గుచ్చుకొన్న మేకును, కర్రను పెరికివేయరాదు. ఆ వస్తువే రక్తాన్ని ఆపుతూ ఉండవచ్చు. విరిగిన కాలికి మనమే బద్దలు కట్టబూనడం వలన బాధ పెరుగుతుందే గాని మేలు కలుగదు.

తరలింపు

పెద్ద కుక్కను ముందుకాళ్లు పట్టి లేవనెత్తరాదు. ప్లైవుడ్ పలకను, వెడల్పైన బల్లచెక్కను వీపు ప్రక్కగా చేర్చి, భుజాల వద్ద ఒకరు, నడుము వద్ద ఒకరు పట్టుకొని, తల, మెడ, వెన్ను ఒకే వరుసలో ఉండగా మెల్లగా దానిపైకి జరపాలి. జారిపోకుండా గుడ్డతో వదులుగా కట్టాలి. గాయంపై గాని, ఊపిరికి అడ్డుగా గాని కట్టు పడరాదు. పలక దొరకకపోతే మందపాటి దుప్పటిపైకి చేర్చి, నాలుగు కొసలను బిగువుగా పట్టి మోయాలి. పిల్లిని, చిన్న కుక్కను గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో గాని మూతగల బుట్టలో గాని ఉంచవచ్చు.

వాహనంలో ఒకరు జంతువు ప్రక్కనే కూర్చుండి శ్వాసను గమనిస్తూ ఉండాలి. అది ఏ భంగిమలో సులభంగా ఊపిరి తీసికొంటుందో అట్లే ఉండనివ్వాలి. పలుచని గుడ్డ కప్పి వెచ్చగా ఉంచాలి. కుదుపులు లేకుండా నడపవలసిందిగా డ్రైవరును కోరాలి.

చేయరానివి

అన్నం, పాలు, నీరు ఏవీ పెట్టరాదు. మత్తుమందు ఇచ్చి శస్త్రచికిత్స చేయవలసి రావచ్చు. మనుషుల నొప్పి మాత్రలు అసలే ఇవ్వరాదు. పారాసిటమాల్ పిల్లులకు ప్రాణాంతకం. ఐబుప్రొఫెన్ కుక్కల జీర్ణాశయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

వైద్యునికి తెలుపవలసినవి

బయలుదేరే ముందే పశువైద్యశాలకు ఫోన్ చేయాలి. ప్రమాదం ఎప్పుడు, ఎట్లు జరిగినదీ, స్పృహ ఉన్నదీ లేనిదీ, చిగుళ్లు తెల్లబడినవో లేదో చెప్పాలి. చిగుళ్లు పాలిపోవడం రక్తం అధికంగా పోయినదనుటకు సూచన కావచ్చు. పైకి గాయం కనబడకపోయినా లోపల రక్తస్రావం ఉండవచ్చు గనుక పరీక్ష తప్పనిసరి.

ఆవు, ఎద్దు వంటి పెద్ద పశువులను ఈడ్చి తరలించరాదు. నీడ కల్పించి వైద్యునే రప్పించాలి. తెలుగు రాష్ట్రాలలో 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య సేవను కోరవచ్చు.

ఈ సేవలో ఎవరికైనా కాటు పడినా, గీరుకున్నా, జంతువు లాలాజలం గాయానికి తగిలినా, ఆ చోటును సబ్బుతో ధారగా పడే నీటిక్రింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు కనిపించిన పిదప ప్రాణం దక్కడం అత్యంత అరుదు. ఇంటి కుక్కే కదా అని ఉపేక్షించరాదు.

ప్రాణులయెడ కరుణను మన రాజ్యాంగంలోని 51-ఏ అధికరణం సైతం పౌరుల ప్రాథమిక విధులలో చేర్చినది. ఒక పలక, ఒక దుప్పటి, మెత్తని గుడ్డ, వైద్యశాల ఫోన్ నంబరు ప్రతి గృహంలోనూ సిద్ధంగా ఉంచుకొందాం. మనలను నమ్మిన మూగజీవికి ఆపదవేళ అవే ఆసరా.